రైతు తక్కువ కొనేలా చేసే ఆవిష్కరణకి డబ్బు ఎవరు పెడతారు?

ప్రశ్న క్లుప్తంగా ఇదండి. పాలకొల్లు దగ్గర ఊరి కుర్రాడు, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. వరి చేలో నీటిమట్టం చూసుకునే చిల్లుల గొట్టం పద్ధతి ఒకటుంది కదా, దానికి దూరం నుంచే కనపడే చిన్న సూచిక ఒకటి తగిలించి ఒక స్టార్టప్ పోటీకి పట్టుకెళ్ళాడు. "రైతు ఒకసారి కొంటే కొన్నేళ్ళు ఉంటుంది, మళ్ళీ మళ్ళీ నీ దగ్గర ఏం కొంటాడు?" అని అడిగి పక్కన పెట్టేశారట. ఇప్పుడు అతను అడుగుతున్నది: లాభం ఉంటేనే కొత్తవి పుడతాయంటారు, మరి ఇన్ని నీళ్ళు మిగిల్చేదానికి డబ్బు ఎందుకు రాదు, ఇది కంపెనీల కుట్రా, నా ఐడియాలోనే లోపమా అని.

ఐడియాలో లోపం లేదు బాబూ. కుట్ర కూడా అక్కర్లేదు, మామూలు లెక్కలే ఈ పని చేసేస్తాయి. నేను విత్తనాలు, పురుగుమందుల కంపెనీల తరఫున గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్ళు ఫీల్డులో తిరిగాను, ఇప్పుడు అమలాపురం వైపు కొబ్బరి, కాస్త వరి సొంతంగా చేసుకుంటున్నాను. అమ్మేవాడి పుస్తకమూ కొనేవాడి పుస్తకమూ రెండూ చూసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మీ గొట్టం సంగతే తీసుకుందాం, చదివే మిగతావాళ్ళకీ తెలుస్తుంది. 30 సెంటీమీటర్ల పీవీసీ గొట్టానికి కింది భాగంలో చుట్టూ చిల్లులు పెట్టి, సగం పైకి ఉండేలా చేలో దించుతారు. లోపల నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా మళ్ళీ నీరు పెట్టక్కర్లేదు. పూతకి వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మాత్రం చేలో 5 సెంటీమీటర్ల నీరు నిలబడి ఉండాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని దేశదేశాల రైతులకి నేర్పింది. నీటి వాడకం 30 శాతం దాకా తగ్గుతుంది, చేలోంచి వచ్చే మీథేన్ సుమారు సగం పడిపోతుంది. ఇంత మేలు ఉందే, మరి ఆ మేలు ఎవరి జేబులోకి వెళ్తుందో చూడండి. మన డెల్టాలో నీటి తీరువా ఎకరం లెక్కన కడతాం, ఎంత నీరు వాడామన్న లెక్కన కాదు. కాలువ తల దగ్గర ఉన్న రైతు నీళ్ళు మిగిల్చినా అతనికి రూపాయి మిగలదు. ఆ నీళ్ళు కాలువ చివర ఉన్న శివారు రైతుకి చేరతాయి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరి తగ్గిపోయి, ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూస్తూ వంతులవారీగా పెట్టుకునే రోజుల్లో శివారు వాళ్ళకి అది పంట దక్కడమా ఎండడమా అన్నంత విషయం. కానీ అతను మీ గొట్టం కొనడు, ఎందుకంటే గొట్టం పెట్టాల్సింది ఎగువ రైతు చేలో. మీథేన్ తగ్గితే ప్రపంచానికంతా మేలు, ఆ ప్రపంచం వచ్చి మీకు బిల్లు కట్టదు. అంటే మీరు కనిపెట్టిన దానివల్ల లాభపడేవాళ్ళు వేరు, డబ్బు ఇవ్వాల్సినవాడు వేరు. జడ్జీలు అడిగిన ప్రశ్న వాళ్ళ లెక్కకి సరైనదే, ఆ లెక్కలో శివారు రైతుకి చోటు లేదు, అంతే.

అమెరికా ఆర్థికవేత్త విలియం నోర్డ్‌హౌస్ 2004లో ఒక అంచనా వేశాడు: 1948 నుంచి 2001 దాకా అమెరికాలో వచ్చిన ఆవిష్కరణల వల్ల సమాజానికి కలిగిన మొత్తం విలువలో, వాటిని తెచ్చినవాళ్ళకి లాభంగా దక్కింది సుమారు 2.2 శాతం. మిగిలిందంతా వాడుకున్న జనానికి చేరింది. చాలామంది దీన్ని సంతోషించాల్సిన విషయంగా చెబుతారు, నిజమే. నాకు మాత్రం వేరే ఆలోచన వస్తుంది. ఆ రెండు రూపాయలు కూడా చేతికి రాని ఆవిష్కరణల్లో ఎన్ని అసలు మొదలే కాలేదో, మొదలైనవి ఎన్ని సగంలో ఆగాయో ఎవరు లెక్క రాశారు?

సగంలో ఆగిన ఒకదాన్ని నేను దగ్గరగా చూశాను. నేను పనిచేసిన ఒక కంపెనీ (పేరు అనవసరం) వరిలో కాండం తొలిచే పురుగు కోసం లింగాకర్షక బుట్టలు ఊళ్ళలో ప్రయత్నించింది. ఆడ రెక్కల పురుగు వాసనని పోలిన ఎరతో మగ పురుగుల్ని పట్టేస్తాయి, ఎకరాకి ఎనిమిది పెడితే చాలు. ఒక ఊరు మొత్తం కలిసి పెట్టిన చోట తెల్లకంకి (పురుగు తొలిచి గింజ పట్టని కంకి) బాగా తగ్గింది, రైతులే వచ్చి ఇంకా కావాలని అడిగారు. సీజన్ అయ్యాక మీటింగు పెట్టారు, ఆ గదిలో నేనూ ఉన్నాను. ఎవరూ అది పనిచెయ్యలేదనలేదు, ఫలితాలు అందరికీ నచ్చాయి. అప్పుడు సేల్స్ వైపు నుంచి ఒకాయన బోర్డు మీద రెండు అంకెలు వేశాడు: బుట్టలు అమ్మితే ఎకరాకి మనకి వచ్చేది, బుట్టలు పెట్టిన ఎకరాలో గుళికల మందు అమ్మకం పడిపోతే మనకి పోయేది. రెండోది చాలా పెద్దది. మరుసటి ఏడాది బడ్జెట్‌లో బుట్టలు లేవు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకి ఇచ్చిన టార్గెట్ లీటర్లలో, కిలోల్లో ఉంది. ఆ టార్గెట్ తోనే ఆయన జీతం, నా జీతం నడిచేవి.

దీన్ని కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1962లోనే వివరించాడు. మార్కెట్ చేతిలో ఉన్న కంపెనీకి కొత్త వస్తువు వల్ల వచ్చే లాభంలోంచి, తన పాత వస్తువు మీద పోయే లాభాన్ని తీసేసి చూసుకోవాల్సి వస్తుంది. కొత్తగా వచ్చేవాడికి ఆ తీసివేత ఉండదు. అందుకే ఉన్నవాడికి కొత్తదాని మీద ఆత్రం తక్కువ. మరి కొత్తవాడు రావచ్చు కదా అంటారు. రావచ్చు, కానీ మన ఊళ్ళలో ఎరువుల కొట్టు అరువు మీద నడుస్తుంది. కౌలు రైతు కోతలయ్యాక కడతానని సరుకు తెచ్చుకుంటాడు, కొట్టువాడు ఇచ్చిందే చేలో పడుతుంది. ఆ కొట్టువాడికి డబ్బా మీద కమీషన్ ఉంటుంది, "ఈ వారం ఏమీ కొట్టకు, సాలీళ్ళు ఉన్నాయి, సుడిదోమని అవే చూసుకుంటాయి" అన్న సలహా మీద కమీషన్ ఉండదు. సుడిదోమ అంటే వరి మొదళ్ళలో చేరి రసం పీల్చే పురుగు. ఊడ్చేటప్పుడు ప్రతి 2 మీటర్లకి ఒక కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ తగిలి అది తగ్గుతుందని ఎన్నేళ్ళుగానో చెబుతున్నారు. బాట వదలడానికి కొనాల్సింది ఏమీ లేదు. కాబట్టి దానికి గోడ మీద పోస్టరు లేదు, రైతు సదస్సులో భోజనాలు లేవు, మంచి డీలర్‌కి విదేశీ ట్రిప్పు లేదు.

ఇండోనేషియాలో 1986లో సుడిదోమ విపరీతంగా పెరిగిపోతే, అది మందులు తక్కువై కాదు, మందులు దాన్ని తినే సాలీళ్ళనీ మిరిడ్ నల్లుల్నీ చంపేయడం వల్ల అని శాస్త్రవేత్తలు చూపించాక, ప్రభుత్వం వరిలో 57 పురుగుమందుల్ని ఒక్కసారిగా ఆపేసింది, మందుల మీద సబ్సిడీని రెండు మూడేళ్ళలో తీసేసింది, రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగుల్ని గుర్తుపట్టడం నేర్పింది. పురుగుమందుల వాడకం బాగా తగ్గింది, దిగుబడి మాత్రం పడిపోలేదు. ఆ పని ఏ కంపెనీ చేస్తుంది చెప్పండి.

కొబ్బరి దగ్గరికి వస్తాను, ఇది నా సొంత తోట విషయం. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో మొదట పొల్లాచ్చి వైపు కనపడింది, తర్వాత కోనసీమకి వచ్చేసింది. ఆకు అడుగున తెల్లటి చుట్లు, కింది మట్టల మీద నల్లటి మసి, తోటకి వెళ్తే భయం వేసేది. అప్పుడు ఊళ్ళో దొరికిన ప్రతి మందూ కొట్టినవాళ్ళున్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు మాత్రం రసాయన మందులు కొట్టొద్దన్నారు. ఎందుకంటే ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే కంటికి ఆనని కందిరీగ లాంటి పురుగు ఈ దోమతో పాటే వచ్చి ఉంది, అది దోమ పిల్లలో గుడ్డు పెట్టి దాన్ని లోపలి నుంచి తినేస్తుంది. మందు కొడితే ముందు చచ్చేది అదే. దోమ పిల్లలు నల్లబడి ఉన్న ఆకు ముక్కలు ఒక తోటలోంచి కోసి, ఇంకో తోటలో చెట్లకి తగిలిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. దీనితో పాటు ఇసారియా అనే శిలీంధ్రాన్ని పెంచి ఇచ్చారు, ఉధృతిగా ఉన్న చోట అది పిచికారీ చెయ్యాలి.

ఈ కందిరీగని వ్యాపారంగా ఊహించండి. మొదటి రైతుకి అమ్మారు. అది సంతానం పెట్టుకుని ఎగిరి పక్క తోటకి, ఆ పక్క ఊరికి వెళ్ళిపోతుంది. రెండో రైతు ఎందుకు కొంటాడు? అది ఎంత బాగా పనిచేస్తే అమ్మకం అంత తొందరగా ఆగిపోతుంది. సరిగ్గా పనిచెయ్యని మందుకి ఏటా గిరాకీ ఉంటుంది. ఆఫ్రికాలో కర్ర పెండలాన్ని పిండి నల్లి తినేస్తుంటే దక్షిణ అమెరికా నుంచి అనగైరస్ లోపెజి అనే ఇలాంటి పురుగునే తెచ్చి వదిలారు, ఆ పని నడిపిన హాన్స్ హెరెన్‌కి 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. కోట్లమంది తిండి నిలబడింది. దాని ఖర్చంతా పెట్టింది ప్రభుత్వాలు, దాతలు.

విత్తనం కథ కూడా ఇంతే. మన మారుటేరు వరి పరిశోధన స్థానం 1982లో స్వర్ణ అనే వరి రకాన్ని ఇచ్చింది, ఎంటీయూ 7029. తూర్పు భారతమంతా, బంగ్లాదేశ్ దాకా పాకింది. వరి తన పుప్పొడితోనే గింజ కట్టే పంట కాబట్టి రైతు తన గింజే మళ్ళీ విత్తనంగా దాచుకుంటాడు, పక్కవాడికి బస్తా ఇస్తాడు, వియ్యంకుడి ఊరికి పంపుతాడు. సమాజానికి ఇంతకన్నా ఏం కావాలి? ప్రైవేటు విత్తన కంపెనీ కళ్ళకి మాత్రం ఇది ఒక్కసారే జరిగే అమ్మకం. అందుకే వాళ్ళ పరిశోధన డబ్బు ఎక్కువగా ఏటా కొనాల్సిన హైబ్రిడ్ల వైపు వెళ్తుంది. ఒక అడుగు ముందుకేసి, పండిన గింజ మళ్ళీ మొలకెత్తకుండా చేసే టెక్నాలజీకి 1998లో అమెరికాలో పేటెంటు కూడా తీసుకున్నారు, డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే పత్తి విత్తనాల కంపెనీ, ఆ దేశ వ్యవసాయ శాఖ కలిసి. ప్రపంచమంతా వ్యతిరేకత రావడంతో దాన్ని మార్కెట్లోకి తేబోమని, అప్పట్లో ఆ కంపెనీని కొనబోతున్న మోన్‌శాంటో 1999లో మాట ఇచ్చింది, మన 2001 మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం అలాంటి రకాలకి రిజిస్ట్రేషనే లేదంది. ఎంతోమంది తెలివైన శాస్త్రవేత్తల ఏళ్ళ శ్రమ గింజని మొలవకుండా చెయ్యడానికి ఖర్చయింది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కోపం వస్తుంది, దాచుకోను. మరోపక్క స్వర్ణ చేను రెండు వారాల దాకా నీట మునిగినా తట్టుకునేలా చేసిన స్వర్ణ సబ్ 1 మన దేశంలో 2009లో విడుదలైంది, ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడుకున్న రకంలోని జన్యువుతో. అది పబ్లిక్ డబ్బుతో నడిచే పరిశోధన.

కంపెనీలు ఏమీ చెయ్యలేదని నేను అనడం లేదు. ఎకరాకి 8 కిలోల కార్టాప్ గుళికలు చల్లే చోట 60 మిల్లీలీటర్ల క్లోరాంట్రానిలిప్రోల్ అనే కొత్త మందు సరిపోతోందంటే, కొట్టే కూలీ ఆరోగ్యానికి కూడా అది ఎంతో నయం, అది లాభం కోసం చేసిన పరిశోధనే. డబ్బాలో పట్టేది, ఏటా కొనేది, డబ్బున్నవాడికి కావాల్సింది అయితే లాభాపేక్ష దాన్ని చాలా వేగంగా తెస్తుంది. ఈ మూడింట్లో ఒకటి లేకపోతే నత్తనడకే.

డబ్బున్నవాడికి కావాల్సింది అన్నాను కదా, దానికి మనుషుల మందుల రంగంలో ఒక ఉదాహరణ ఉంది, నిజమా అనిపిస్తుంది గానీ నిజం. ఆఫ్రికాలో నిద్ర జబ్బు ముదిరి మెదడుకి ఎక్కిన రోగుల్ని బతికించే ఎఫ్లోర్నితిన్ అనే మందు తయారీని, కొనేవాళ్ళు పేదవాళ్ళు కాబట్టి, 1995లో ఆపేశారు. తర్వాత అదే రసాయనం ఆడవాళ్ళ ముఖం మీద అవాంఛిత రోమాలు తగ్గించే క్రీముగా పనికొస్తుందని తేలి, 2000లో అమెరికాలో అనుమతి వచ్చింది. సరిహద్దులు లేని వైద్యులు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా ఒత్తిడి తెస్తే 2001లో రోగులకి మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రాణం పోతున్నవాడి అవసరం మార్కెట్‌కి వినపడలేదు, క్రీము కొనే చెయ్యి వినపడింది.

రొయ్యల చెరువులున్న మన ప్రాంతానికి ఇంకోటి దగ్గరగా తగులుతుంది. చెరువుల్లో యాంటీబయాటిక్స్ వాడితే మందులకి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందని, నైట్రోఫ్యూరాన్లు, క్లోరామ్‌ఫెనికాల్ లాంటివి నిషేధమని మనందరికీ తెలుసు. అలాంటి మొండి బ్యాక్టీరియా మీద పనిచేసే కొత్త మందు వస్తే డాక్టర్లు ఏం చెయ్యాలి? దాన్ని దాచాలి, మరో దారి లేనప్పుడే వాడాలి. తక్కువ అమ్మితేనే సమాజానికి మేలు చేసే వస్తువు అది. అచావోజెన్ అనే చిన్న అమెరికా కంపెనీ ప్లాజోమైసిన్ అనే మందు తయారుచేసి 2018 జూన్‌లో అనుమతి తెచ్చుకుంది, 2019 ఏప్రిల్‌లో దివాలా దాఖలు చేసింది. మందు పనిచేసింది, అమ్మకాలు కంపెనీని నిలబెట్టలేకపోయాయి.

దీనికి ఇంగ్లండ్ వెతికిన దారి మీ గొట్టానికి కూడా పనికొస్తుంది, అందుకే ఇంత చెప్పాను. 2022 నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ రెండు కొత్త యాంటీబయాటిక్స్‌కి, ఎన్ని డోసులు వాడారన్న దానితో సంబంధం లేకుండా, సమాజానికి వాటి విలువ ఎంతో లెక్కేసి ఏడాదికి ఇంత అని చందాలాగా కడుతోంది, ఒక్కోదానికి కోటి పౌండ్ల దాకా. అమ్మకం నుంచి ఆదాయాన్ని విడదీశారు. ఎక్కువ అమ్మాలన్న ఒత్తిడి పోయింది, మందు అందుబాటులో ఉంది.

మనం నిలబడిన నేల కథ కూడా ఇదే కదండీ. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ఒప్పించడానికి కూడా కాటన్ దొర శిస్తు పెరుగుతుందని చూపించాల్సి వచ్చింది. తర్వాత ఆయన దశాబ్దాల పాటు కాలువలకి డబ్బు పెట్టండని మొత్తుకుంటే, రైల్వే కంపెనీల వాటాదారులకి మాత్రం 5 శాతం రాబడికి ప్రభుత్వమే హామీ ఇచ్చి, తగ్గితే పన్నుల సొమ్ముతో పూడ్చింది. అంటే లాభం ఏ పనిలో ఉండాలన్నది ఆకాశం నుంచి ఊడిపడదు, ప్రభుత్వం రాసిన నిబంధనలే చాలావరకు తేలుస్తాయి.

ఇక మీరేం చెయ్యాలి. ఇన్వెస్టర్ల కోసం గొట్టానికి నెలనెలా డబ్బు కట్టే యాప్ తగిలించకండి, ఆ ఒత్తిడి తప్పకుండా వస్తుంది. గొట్టం చూస్తే తెలిసేదానికి రైతు చందా కట్టడు, కట్టకూడదు కూడా. కార్బన్ క్రెడిట్ల వాళ్ళు కూడా మీ దగ్గరికి వస్తారు. మీథేన్ తగ్గించినందుకు డబ్బు అన్నది ఆలోచనగా మంచిదే, కానీ కొలత సరిగ్గా లేకపోతే నిలబడదు, చైనాలో 37 వరి ప్రాజెక్టుల్ని, ఈ క్రెడిట్లని ధ్రువీకరించే వెర్రా సంస్థ 2024లో తిరస్కరించింది. కాబట్టి కొలత ముందు, సంతకాలు తర్వాత.

నా సలహా, ఒక్కో రైతుకి అమ్మడం మానేసి ఒక బోదె (చేలకి నీరు తెచ్చే పిల్ల కాలువ) మొత్తానికి పెట్టండి. తల నుంచి శివారు దాకా ఒకే బోదె కింద ఉన్న చేలన్నీ. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు అందుకే ఉన్నాయి, మీ బోదె ఏ సంఘం కిందికి వస్తుందో కనుక్కుని ముందు శివారు రైతుల్ని కూర్చోబెట్టి మాట్లాడండి, అడిగే గొంతు వాళ్ళది అయితేనే ఎగువవాళ్ళు వింటారు. ఎగువ రైతు భయం నిజమైనది, ఈ వంతులో పెట్టుకోకపోతే వచ్చే వంతుకి నీరు వస్తుందో రాదో అని ముందే నింపేసుకుంటాడు. వంతు రోజు మారదని, కాలువ నీరు వదిలే లస్కరు దగ్గర నుంచి కాగితం మీద హామీ లేకుండా మీ గొట్టం ఎవరూ నమ్మరు. మారుటేరు శాస్త్రవేత్తల్ని కలిసి దిగుబడి కొలతలు వాళ్ళ చేత తీయించండి, మీరే తీసుకుంటే ఎవరూ ఒప్పుకోరు. శివారుకి నీరు ఎన్ని రోజులు ముందు చేరింది, డీజిల్ ఇంజన్లకి ఎంత ఖర్చు తగ్గింది, ఇవి రెండూ రాసి పెట్టుకోండి. ఇరిగేషన్ వాళ్ళకీ కలెక్టరుకీ చూపించాల్సిన అంకెలు అవే, డబ్బు పెట్టాల్సింది కూడా వాళ్ళే, ఎందుకంటే మిగిలే నీరు వాళ్ళ కాలువలోదే.

ఊడ్పులయ్యాక రెండో వారానికల్లా గొట్టాలు చేలో ఉండాలి. దాళ్వా ఊడ్పులు జనవరిలో పడతాయి కాబట్టి నీటి సంఘంతో మాటలు డిసెంబరు దాటనివ్వకండి, నారుమళ్ళు పోసే రోజుల్లో అయితే రైతులందరూ ఊళ్ళోనే దొరుకుతారు.